జయపురంలో లైను ట్రిప్పయితే బెంగళూరుకి ఎవరు చెబుతారు?

కొరాపుట్_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఒడిశా జయపురంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య మా బ్యాచ్‌ని 400 కేవీ సబ్‌స్టేషన్ చూపించడానికి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి గాజువాకకి లైను పోతుంది. ఈ చివర ఈస్టర్న్ రీజియన్, కోల్‌కతా వాళ్ళ కింద; ఆ చివర సదరన్ రీజియన్, బెంగళూరు వాళ్ళ కింద అని చెప్పారు. ఇంకా అడుగుదామంటే బస్సు కదిలిపోయింది.

లైను ఒకటే కదా. ఇక్కడ బ్రేకర్ పడితే, అంటే లైను దానంతటదే ఆగిపోతే, బెంగళూరులో కూర్చున్నాయనకి ఎలా తెలుస్తుంది? ఫోను చేస్తారా, స్క్రీన్ మీద దానంతటదే మారిపోతుందా? కోల్‌కతా వాళ్ళకి కనిపించేదంతా బెంగళూరుకీ కనిపిస్తుందా? మా పుస్తకంలో స్కాడా (సబ్‌స్టేషన్లని దూరం నుంచి చూసే, నడిపే కంప్యూటర్ వ్యవస్థ) గురించి ఒకే పేజీ. నాలుగు బాక్సులు గీసి వాటి మధ్య బాణాలు పెట్టి వదిలేశాడు.

పర్లాకిమిడి_మిల్లు:
ముందు మా ఊళ్ళో కరెంటు ఎందుకు పోతాదో చెప్పండి బాబూ, బెంగళూరు సంగతి తరవాత చూద్దాం. మహేంద్రతనయ అవతల పాతపట్నంలో లైట్లు వెలుగుతుంటాయి, ఇవతల నేను మిల్లు ఆపుకుని ఈగలు తోలుకుంటుంటాను. దేశమంతా ఒకటే గ్రిడ్ అంటారు, ఏటీ లాభం?

సబ్‌స్టేషన్_బాబాయ్:
మిల్లు గారూ, మీ దగ్గరికీ వస్తాను. కుర్రాడి ప్రశ్న ముందు.

నేను దక్షిణ ఒడిశాలో 220 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్టు డ్యూటీ చేసి రిటైరైనవాణ్ణి. ఒక చిన్న సవరణ నాన్నా. జయపురం–గాజువాక లైనుకి రెండు చివరలూ కరెంటు లెక్కలో తూర్పు గ్రిడ్డే. గాజువాకలో అది దిగేది ఈస్టు బస్సు మీద. బస్సంటే లైనులన్నీ వచ్చి కలిసే కడ్డీ. అదే ఆవరణలో సౌత్ బస్సు వేరే ఉంటుంది. ఆ రెండింటి మధ్య బ్యాక్ టు బ్యాక్ హెచ్‌వీడీసీ: ఇటు వచ్చిన ఏసీని డీసీ చేసి, అక్కడికక్కడే మళ్ళీ ఏసీ చేసి అటు ఎక్కిస్తారు. 500 మెగావాట్లవి రెండు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాదిని మిగతా దేశంతో కలిపేదాకా ఈ రెండు బస్సుల ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ ఒకటి కాదు. అందుకే మధ్యలో డీసీ. ఇప్పుడు మన వైపు నుంచి దక్షిణానికి నేరుగా ఏసీతో కలిసే పెద్ద లైను అంగుల్–శ్రీకాకుళం 765 కేవీ.

ఇక నువ్వడిగింది. బ్రేకర్ పడగానే దాని మెకానిజానికి ఉండే ఆక్సిలరీ కాంటాక్టు మారుతుంది. కంట్రోల్ రూములో ఆర్టీయూ అనే పెట్టె దాన్ని పట్టుకుని, టవర్ల నెత్తిన పోయే ఎర్త్ వైరు లోపలి ఫైబరు మీద పైకి పంపిస్తుంది. రాష్ట్రం సబ్‌స్టేషనయితే భువనేశ్వర్‌లోని ఎస్‌ఎల్‌డీసీకి, అంటే రాష్ట్ర గ్రిడ్‌ని నడిపే కంట్రోల్ సెంటర్‌కి, అక్కణ్ణుంచి తూర్పు రీజియన్ సెంటరైన కోల్‌కతా ఈఆర్‌ఎల్‌డీసీకి. కేంద్రం కంపెనీ పవర్‌గ్రిడ్ వాళ్ళదైతే నేరుగా కోల్‌కతాకి. ఆ పైన దేశం మొత్తానికి ఢిల్లీలో ఎన్‌ఎల్‌డీసీ. అటు వైపు కూడా ఇదే మెట్ల వరస, కోల్‌కతా బదులు బెంగళూరు. బ్రేకర్ పడిన సంగతి సెకన్లలో పైకి చేరిపోతుంది. మెగావాట్లు, వోల్టేజీ అంకెలు కొన్ని సెకన్లకోసారి కొత్తవి వస్తుంటాయి.

కోల్‌కతాకి కనిపించేదంతా బెంగళూరుకి కనిపిస్తుందా అంటే, కనిపించదు. సరిహద్దు లైనులూ, వాటి చివరనున్న బస్సులూ, ఇంకా ఇచ్చిపుచ్చుకుందాం అని ముందే ఒప్పుకున్నవీ కనిపిస్తాయి. రెండింటినీ కలిపి చూసేది ఢిల్లీ.

ఫోను సంగతి. బ్రేకర్ పడిందని స్క్రీను చెబుతుంది, ఎందుకు పడిందో చెప్పేది షిఫ్టు ఇంజనీరే. ఏ రిలే (ఫాల్టు పసిగట్టి బ్రేకర్‌ని పడగొట్టేది) ఆపరేటయింది, ఏ ఫేజు, ఫాల్టు ఎంత దూరంలో చూపించింది, అన్నీ నోటితో చెప్పాల్సిందే. మళ్ళీ ఛార్జి చెయ్యాలంటే, అంటే లైనులోకి కరెంటు ఎక్కించాలంటే, కోడ్ కావాలి. ‘ఫలానా లైను ఛార్జింగ్‌కి రెడీ, కోడ్ ఇవ్వండి’ అంటాం. అవతలాయన ఒక నంబరిస్తాడు. మనం దాన్ని తిరిగి చదివి వినిపించాలి. టైముతో సహా లాగ్‌బుక్కులో ఎక్కాలి. ఒక రీజియన్ నుంచి ఇంకో రీజియన్‌కి పోయే లైనయితే ఢిల్లీ కోడ్ కూడా ఉండాలి. కోడ్ లేకుండా హ్యాండిల్ మీద చెయ్యి వేసినవాణ్ణి నేను చూళ్ళేదు.

సిరొంచ_పోరడు:
బాబాయ్, మస్తు చెప్పినవ్. మాది గడ్చిరోలి జిల్లా. మా దిక్కు భద్రావతిల గూడ గసుంటిదే ఉన్నది, చంద్రపూర్ పక్కకు. అటు రామగుండం, ఇటు మహారాష్ట్ర, నడుమ డీసీ, 1000 మెగావాట్లు. గాజువాక కన్నా ముందటిదే అది. అయితే మా సిరొంచకు ఆ ముచ్చటతోని ఏం పని లేదు, అడవిలకెళ్ళి వచ్చే పొడుగు లైను మీద కొమ్మ వడితే మా కత అంతే 😀

పర్లాకిమిడి_మిల్లు:
అదిగో, అక్కడా అదే గొడవ.

సబ్‌స్టేషన్_బాబాయ్:
మిల్లు గారూ, ఇప్పుడు మీ వంతు. మీ మిల్లు ఆగినప్పుడు తొంభై పాళ్ళు అది గ్రిడ్ గొడవ కాదు. మీ 11 కేవీ ఫీడరో, దాని వెనక 33 కేవీనో. నది అవతల పాతపట్నానికి వచ్చే 33 కేవీ వేరే సబ్‌స్టేషన్‌ది, వేరే రాష్ట్రం కంపెనీది. తీగలు కలిసేది పైన 220లో, 400లో, 765లో. కింద మీకూ వాళ్ళకీ మధ్య కలిపే తీగ లేదు. ఉన్నా ఊరికే స్విచ్ వెయ్యడానికి లేదు, దాని మీద మీటరుండాలి, షెడ్యూలుండాలి, రెండు రాష్ట్రాల మధ్య కాగితం ఉండాలి.

2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నదికి రెండు పక్కలా చీకటే కదండీ. ఆ రోజుల్లో మీకు అవతలివాళ్ళ మీద అసూయ కలగలేదు.

పర్లాకిమిడి_మిల్లు:
అప్పుడు అసూయ పడ్డానికి ఫోన్లో ఛార్జింగు ఉంటే కదండీ.

బరంపురం_పంతులమ్మ:
బాబాయ్ గారూ, 2012 జులై 31 గుర్తుందా? స్కూల్లో ఉన్నాను, మధ్యాహ్నం ఒంటిగంటకి పోయింది. ఇచ్ఛాపురంలో మా చెల్లెలికి ఫోన్ చేస్తే వాళ్ళింట్లో ఫ్యాను తిరుగుతోందంది. ఇరవై అయిదు కిలోమీటర్లు కూడా లేదు. పిల్లలకి ఇప్పటికీ ఆ ఉదాహరణే చెబుతాను. ముందురోజు తెల్లవారుజామున రెండున్నరకి ఉత్తర గ్రిడ్ ఒక్కటే పడింది. మర్నాడు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ పోయాయి, సుమారు 48,000 మెగావాట్లు. దక్షిణం నిలబడింది, మీరన్న ఆ డీసీ వల్లే. తూర్పు నుంచి రావలసిన కరెంటు ఆగిపోయి అక్కడ ఫ్రీక్వెన్సీ దిగింది గానీ గ్రిడ్ పడిపోలేదు.

నా సందేహం వేరే. రెండు రోజులూ అదే బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను దగ్గరే మొదలయింది. మొదటి రోజు చూశాక రెండో రోజుకి అందరికీ తెలిసే ఉండాలి కదా. ఇక్కడ సమాచారం లేకపోవడమా, ఉన్నా చెయ్యలేకపోవడమా?

సబ్‌స్టేషన్_బాబాయ్:
అమ్మా, ఉన్నా చెయ్యకపోవడం అందులో చాలా ఉంది. ఎక్కువ లాగుతున్నారు, తగ్గించండి అని ఉత్తరాది రాష్ట్రాలకి మెసేజీలు పోయాయి. తగ్గించలేదు. అప్పట్లో ఎక్కువ లాగితే పడే జరిమానా కన్నా ఊళ్ళో కోత పెడితే పడే తిట్లే ఎక్కువ బరువు.

కోడ్_కన్నా:
ఒక్క మాట కలపనివ్వండి. మాది రాయగడ, ఇప్పుడు హైదరాబాద్‌లో. కంట్రోల్ సెంటర్ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను, కుర్రాడి పుస్తకంలో ఆ బాణాలున్నాయే, అవే నా ఉద్యోగం.

ఒక కంట్రోల్ సెంటరూ ఇంకో కంట్రోల్ సెంటరూ మాట్లాడుకునే ప్రోటోకాల్‌ని ఐసీసీపీ అంటాం, ఐఈసీ 60870-6. అందులో అసలు ఆయువుపట్టు బైలేటరల్ టేబుల్. నా దగ్గరున్న వేల పాయింట్లలో (ఒక్కో బ్రేకర్ స్థితి, ఒక్కో కొలత ఒక్కో పాయింటు) ఫలానా పొరుగువాడికి ఏవేవి చూపిస్తాను అన్న జాబితా అది. జాబితాలో లేని పాయింటు అతను అడిగినా రాదు. తీగ దానంతటదే కరెంటు మోస్తుంది గానీ డేటా అలా కాదు, ఎవరో ఒకరు కూర్చుని ఇది నీకిస్తాను, అది నాకివ్వు అని రాసుకుంటేనే కదులుతుంది. అందుకే సరిహద్దు దగ్గర చూపు మసకబారుతుంది. మీ ఏరియా నడిమధ్యలో బల్బు మాడినా తెలుస్తుంది, పొరుగువాడి రెండో సబ్‌స్టేషన్‌లో బస్సు విడిపోయినా తెలియదు.

ఇంకోటి, పేర్లు. మా డేటాబేసులో ఆ బ్రేకర్‌కి ఒక పేరు, అవతలివాళ్ళ డేటాబేసులో ఇంకో పేరు. మధ్యలో మ్యాపింగ్. సబ్‌స్టేషన్‌లో కొత్త బే (ఒక లైనుకి కావలసిన బ్రేకరూ, దాని సరంజామా) కట్టారనుకోండి, ఆర్టీయూలో పాయింటు చేరుతుంది, కింది సెంటర్లో చేరుతుంది, పై సెంటర్ మ్యాపింగ్‌లోకి ఎక్కడం ఎవరి పనో అక్కడ జారిపోతుంది. స్క్రీన్ మీద పాత బొమ్మే నిక్షేపంగా కనిపిస్తుంటుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది ఆగిపోయిన అంకె. లింకు తెగిపోయినా చివరగా వచ్చిన 312 మెగావాట్లు అలాగే కూర్చుంటాయి. ప్రతి విలువకీ వెనకాల ఒక క్వాలిటీ ఫ్లాగ్ ఉంటుంది, ఇది తాజాదా, పాతదా, చేత్తో ఎక్కించిందా అని. దాన్ని రంగుగా చూపించకపోతే ఆపరేటర్‌కి తెలిసే దారి లేదు. నన్నడిగితే ఎన్ని సెకన్లకోసారి అంకె మారుతుందన్న దానికన్నా, మారకుండా ఆగిపోయిందని ఎన్ని సెకన్లలో చెబుతుందన్నదే ముఖ్యం.

సబ్‌స్టేషన్_బాబాయ్:
పేర్ల సంగతి నువ్వెత్తావు కాబట్టి చెబుతా. ఒకచోట, ఎక్కడో చెప్పను, డబుల్ సర్క్యూట్ లైను. మా చివర ఒకటో సర్క్యూట్ అని బోర్డున్నది అవతలి చివర రెండో సర్క్యూట్. లైను కట్టినప్పటి నుంచీ అంతే. పాతవాళ్ళందరికీ తెలుసు, కొత్తగా వచ్చినవాడికి ఎవరో చెప్పాలి. ఒక రోజు ఎల్‌సీ కోసం, అంటే లైను మీద పని చేసుకునే అనుమతి కోసం, ఫోనొచ్చింది, ‘ఒకటోది తీశాం, మీరూ తీసి ఎర్త్ పెట్టండి’ అని. మా షిఫ్టులో కుర్రాడు బయల్దేరాడు. యార్డులోకి దిగే ముందు ఎందుకైనా మంచిదని మీటరు చూశాడు. మా ఒకటోదాని మీద లోడు నడుస్తూనే ఉంది. రెండోదే సున్నా. అక్కడ ఆగాడు. లేకపోతే ఉన్న ఒక్క దారీ కూడా మా చేతులతో మేమే తెరిచేసేవాళ్ళం, వూళ్ళకి వూళ్ళు పోయేవి.

ఆ తరవాత కూడా బోర్డులు మార్చలేదు. ఎర్ర పెయింటుతో కింద ‘అవతల 2’ అని రాశారు.

బరంపురం_పంతులమ్మ:
‘అవతల 2’ 😂 చాలా ఖరీదైన సాఫ్ట్‌వేరే.

కొరాపుట్_కుర్రాడు:
కన్నా అన్నా, పొరుగువాడి లైను సంగతి తెలియక నిజంగా గ్రిడ్ పడిపోయిన కేసు ఉందా? సెమినార్‌కి టాపిక్ కావాలి.

కోడ్_కన్నా:
2003 ఆగస్టు 14, అమెరికా ఈశాన్యం, కెనడాలో కొంత. అయిదు కోట్ల మందికి కరెంటు పోయింది. మూలం ఒహాయోలో. అక్కడి ఫస్ట్ ఎనర్జీ కంపెనీ కంట్రోల్ రూములో మధ్యాహ్నం రెండుంపావుకి అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఆగిపోయానని చెప్పే అలారం కూడా ఆ అలారం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది మరి. గంట పైగా ఆపరేటర్లకి ఏమీ మోగలేదు, అంతా బాగానే ఉందనుకున్నారు. ఈలోగా చెట్లు తగిలి 345 కేవీ లైనులు ఒక్కోటీ పడుతున్నాయి. పొరుగు కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి మీ లైను పడిందా అని అడిగితే, మాకేం కనిపించట్లేదన్నారు.

నీకు కావలసింది దీని పైన ఉంది. ఆ ప్రాంతాన్ని మొత్తంగా కనిపెట్టుకోవలసింది మైసో అనే సంస్థ. వాళ్ళ దగ్గర స్టేట్ ఎస్టిమేటర్ ఉంటుంది. అంటే, వచ్చిన కొలతలన్నీ తీసుకుని ఒకదానితో ఒకటి పొసిగేలా లెక్కగట్టి, ఈ క్షణాన గ్రిడ్ అసలు పరిస్థితి ఇదీ అని తేల్చే ప్రోగ్రాం. ఆ రోజు స్టూవర్ట్–అట్లాంటా అనే లైను ట్రిప్పయింది. అది వాళ్ళ పరిధిలోది కాదు, పొరుగుది. దాని స్థితి వీళ్ళ ఎస్టిమేటర్‌కి ఆటోమేటిక్‌గా అందే ఏర్పాటు లేదు. ప్రోగ్రాం దృష్టిలో ఆ లైను ఇంకా నడుస్తోంది, కొలతలేమో నడవట్లేదంటున్నాయి. లెక్క పొసగక జవాబు రాలేదు. ఎందుకు రావట్లేదో పట్టుకునేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోయింది.

సిరొంచ_పోరడు:
అంటే ఒక్క లైను ముచ్చట తెల్వక గంత పెద్ద దేశం ఆగమయిందా?

కోడ్_కన్నా:
ఒక్కటే కాదు తమ్ముడూ, చెట్లు కొట్టకపోవడం, అలారం, ఎస్టిమేటర్, అన్నీ ఒకే మధ్యాహ్నం కలిశాయి. కానీ వాటిలో ఇది నిజంగా సరిహద్దు జబ్బు.

బరంపురం_పంతులమ్మ:
యూరప్ కథ ఇంకా బాగుంటుంది సెమినార్‌కి. 2006 నవంబర్ 4, శనివారం రాత్రి. జర్మనీలో పాపెన్‌బర్గ్ అనే చోట కట్టిన పెద్ద ఓడ, నార్వీజియన్ పెర్ల్, ఎమ్స్ నది మీదుగా సముద్రంలోకి పోవాలి. నది మీద 380 కేవీ లైను ఉంది. ఓడ కింద నుంచి పోయేటప్పుడు ఆ లైను ఆపడం మామూలే. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకని ముందు అందరితో అనుకున్నారు, పొరుగు కంపెనీలూ లెక్కలు చూసుకున్నాయి. తరవాత ఓడవాళ్ళు మూడు గంటలు ముందుకి జరపమన్నారు, రాత్రి పదికి. ఆ మార్పు పొరుగువాళ్ళకి చాలా ఆలస్యంగా చెప్పారు.

లైను ఆపారు. లోడు పక్క లైనుల మీదికి మళ్ళింది. లాండెస్‌బెర్గెన్–వేరెన్‌డోర్ఫ్ అని ఒక లైను, ఒక చివర ఒక కంపెనీది, రెండో చివర ఇంకో కంపెనీది. రెండో చివరి రిలే సెట్టింగు తక్కువ. మొదటి కంపెనీ వాళ్ళు తమ చివరి పరిమితి చూసుకుని ఇంకా చోటుంది అనుకున్నారు. కాస్త సర్దుదామని ఒక బస్ కప్లర్ (రెండు బస్సులని కలిపే స్విచ్) వేశారు. దాంతో లోడు తగ్గడానికి బదులు పెరిగి అవతలి చివర ట్రిప్పయింది. పది గంటలు దాటి పది నిమిషాలు. క్షణాల్లో యూరప్ గ్రిడ్ మూడు ముక్కలయింది. పశ్చిమ ముక్కలో దాదాపు కోటిన్నర ఇళ్ళకి కరెంటు పోయింది.

గమనించండి, స్క్రీన్ మీద మెగావాట్లు కనిపిస్తున్నాయి, ఆంపియర్లు కనిపిస్తున్నాయి. తెలియంది ఒక్క అంకె, పొరుగువాడి రిలే ఎంత దగ్గర పడుతుందన్నది. అది సెకనుకోసారి మారే డేటా కూడా కాదు. ఒక కాగితం మీద రాసి ఇచ్చుకుంటే సరిపోయేది. రియల్ టైం, రియల్ టైం అని మనం పాకులాడతాం గానీ, కొన్నిసార్లు కావలసింది ఆర్నెల్లకోసారి మారే సంగతే.

సబ్‌స్టేషన్_బాబాయ్:
అమ్మా, భేషుగ్గా చెప్పారు. మనవైపు రీజినల్ పవర్ కమిటీల నెలవారీ మీటింగులు ఉండేది అందుకే. వచ్చే నెల ఏ లైను ఎవరు ఆపుతారు, ఏ రిలే సెట్టింగ్ మారింది, పోయిన నెల ట్రిప్పులకి కారణాలేంటి. బయటివాళ్ళకి అవి విసుగు పుట్టించే మీటింగులు. సగం గ్రిడ్ వాటి మీద నడుస్తుంది.

ఫోను కూడా ఎప్పుడూ సరిపోదు. అదే 2003లో, సెప్టెంబర్ 28 తెల్లవారుజామున, స్విట్జర్లాండ్‌లో 03:01కి ఇటలీకి పోయే లైను చెట్టు తగిలి పడింది. 03:11కి ఇటలీకి ఫోన్, 300 మెగావాట్లు తగ్గించుకోండని. 03:21కి తగ్గించారు. 03:25కి రెండో లైను కూడా పడింది. కాసేపటికి ఇటలీ దాదాపు మొత్తం చీకటి. ఫోన్ చేశారు, అవతల ఎత్తారు, చెప్పింది చేశారు. అడిగింది చాలలేదు, అది జరిగింది కూడా ఇరవై నిమిషాల తరవాత.

పర్లాకిమిడి_మిల్లు:
చదువుతుంటే నాకూ ఆసక్తి పుడుతోంది, కరెంటుందిలెండి ఇప్పుడు. ఒకటి అడుగుతాను, తిట్టకండి. ఇంత గొడవెందుకు, అందరి డేటా తెచ్చి వెబ్‌సైట్లో పెట్టేస్తే పోలే? ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటారు.

కోడ్_కన్నా:
కొంత పెడుతున్నారు. ఎన్‌ఎల్‌డీసీని నడిపే గ్రిడ్-ఇండియా సైట్లో ఫ్రీక్వెన్సీ ఎప్పుడైనా చూడొచ్చు, 49.90కీ 50.05 హెర్ట్జ్‌కీ మధ్య ఉంటే ఆరోగ్యం. రోజువారీ రిపోర్టులుంటాయి. ఒక రీజియన్ నుంచి ఇంకో రీజియన్‌కి ఎంత పంపగలరు అన్న పరిమితి కూడా ముందుగా ప్రకటిస్తారు. బ్రేకర్ల స్థితి, నెట్‌వర్క్ మోడల్, రిలే సెట్టింగులు మాత్రం పెట్టరు. ఎక్కడ కొడితే పడిపోతుందో పటం గీసి చేతికిచ్చినట్టవుతుంది.

పర్లాకిమిడి_మిల్లు:
అది ఒప్పుకుంటాను. కానీ ఆ పరిమితి అన్నారే, అందులో డబ్బుంది కదా? ఫలానా లైను రేపు ఆపుతారని నాకొక్కడికీ ఇవాళే తెలిస్తే? గూడ్సు రైలు రేకు రాదని ముందే తెలిసినవాడు ధాన్యం పట్టుకుని కూర్చున్నట్టే.

కోడ్_కన్నా:
మిల్లు గారూ, మీరు పోలికతో చెప్పిందాని మీదే అమెరికాలో 1996లో రూలు తెచ్చారు. ఆర్డర్ 889. ఓయాసిస్ అనే పద్ధతి, లైనుల్లో మిగిలిన చోటు ఎంతో అందరికీ ఒకే సమయంలో ప్రకటించాలి. అప్పటికి అక్కడ తీగలున్న కంపెనీయే కరెంటూ అమ్ముకునేది. కంట్రోల్ రూములో ఉన్నవాడు అమ్మకాల డెస్కుతో గుసగుసలాడకూడదని కూడా అందులో రాశారు, ఇద్దరినీ విడదీశారు.

మన దగ్గర ఇది బాగా అనుభవమైంది దక్షిణాదికి. దక్షిణానికి కరెంటు మోసే లైనుల కారిడార్ ఇరుకుగా ఉన్న ఆ రోజుల్లో కరెంటు ఎక్స్ఛేంజీలో దక్షిణాది రేటు మిగతా దేశం కన్నా విడిగా పైకి పోయేది. ఇటు ఒడిశాలో చవగ్గా కరెంటున్నా ఇచ్ఛాపురం దాటి పోయే దారి లేదు. 2022 నుంచి స్వల్పకాలిక ఓపెన్ యాక్సెస్ (వేరేవాళ్ళ లైనుల మీదుగా కరెంటు పంపుకునే అనుమతి) దరఖాస్తులు ఎన్‌ఎల్‌డీసీ నడిపే నోవార్ అనే ఒకే పోర్టల్ మీద. ఎవరడిగారు, ఎంత ఇచ్చారు అన్నది ఒకచోట ఉంటుంది.

సబ్‌స్టేషన్_బాబాయ్:
కన్నా, నీతో ఒక్కచోట తగువు పడతాను. రహస్యం పేరు చెప్పి లోపలివాళ్ళకీ ఇవ్వకపోవడం చూశాను. షిఫ్టులో ఉన్నవాడికి పక్క సబ్‌స్టేషన్ సింగిల్ లైన్ డయాగ్రం అడిగితే ‘పై నుంచి పర్మిషన్’ అంటారు. దొంగకి దొరక్కూడదని కాపలావాడికి తాళం ఇవ్వకపోతే ఎలా? బయటివాళ్ళ సంగతి సరే, రెండు చివరల్లో డ్యూటీ చేసేవాళ్ళకి ఒకే బొమ్మ ఉండాలి.

కోడ్_కన్నా:
తగువేం లేదు బాబాయ్. బైలేటరల్ టేబుల్ కట్టేటప్పుడు నేను వాదించేదీ అదే. ‘వాళ్ళకెందుకు’ అన్నదే ఎప్పుడూ మొదటి జవాబు. ‘ఎందుకు కూడదు’ అని ఎదురడగాలి.

ఒనకడిల్లి_క్వార్టర్స్:
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయను. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కాలనీలో పెరిగాను. నేల కొరాపుట్ జిల్లాది, ఒడిశా. నడిపేది ఆంధ్రా జెన్‌కో. కరెంటు ఇద్దరిదీ. మొదటి ఒప్పందంలో ఆంధ్రాకి 70, ఒడిశాకి 30. తరవాత సగం సగానికి వచ్చింది. ఆరు మెషీన్లు, 120 మెగావాట్లు, 1955 నుంచి. పైన చెప్పిన 2013 దాకా రెండు గ్రిడ్‌లూ వేర్వేరు కదా, ఒకే పవర్‌హౌస్‌లో పక్కపక్కనే తిరిగే మెషీన్లలో ఏది ఎటు అన్నది ముందే తేల్చుకుని బస్సు విడదీసి నడపాల్సిందే. పొరపాటున కలపడానికి లేదు.

ఇక్కడ అందరూ కరెంటు డేటా గురించే రాస్తున్నారు. జలవిద్యుత్తులో నీళ్ళే డేటా. జలాపుట్ రిజర్వాయర్‌లో మట్టం ఎంత, ఎంత వదిలారు, ఎవరి వాటా ఎంత వాడారు. కింద బలిమెలలో కూడా నీళ్ళు రెండు రాష్ట్రాలవీ. ఒకళ్ళు ఒడిశా వైపు బలిమెల పవర్‌హౌస్‌లో, ఇంకొకళ్ళు సీలేరులో వాడుకుంటారు. గేజీ రీడింగ్ ఇద్దరూ కలిసి చూసి సంతకాలు పెడితేనే లెక్క. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇక్కడ సమాచార వ్యవస్థ అంటే ఆ రిజిస్టరూ, దాని మీద రెండు సంతకాలూను. కొట్లాటలు జరిగాయి గానీ లెక్క మీద ఎప్పుడూ పెద్దగా జరగలేదు, వాటాల మీదే.

సబ్‌స్టేషన్_బాబాయ్:
బలిమెల–ఎగువ సీలేరు 220 కేవీ లైను కూడా ఉంది, మర్చిపోయాను. రెండు రీజియన్లని కలిపే లైనే అది కూడా. పెద్ద లైనుల లెక్కలో దాన్నెవరూ తలచుకోరు పాపం.

అన్నీ పడిపోయిన కథలే చెప్పుకుంటున్నాం, బాగా జరిగినది ఒకటి. 2020 ఏప్రిల్ 5, రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆపమన్నారు కదా. 12,000 నుంచి 14,000 మెగావాట్లు తగ్గుతుందని అంచనా. తగ్గింది సుమారు 31,000. అంచనాకి రెట్టింపు పైన. అయినా గ్రిడ్ నిలబడింది. ఎందుకంటే రెండు రోజుల ముందు నుంచీ ఢిల్లీ, అయిదు రీజియన్ల ఆర్‌ఎల్‌డీసీలు, రాష్ట్రాలు, జలవిద్యుత్ కేంద్రాలు, ఎవరు ఎన్ని గంటలకి ఏం చెయ్యాలో రాసుకుని కూర్చున్నారు. జలవిద్యుత్తుని ముందే పెంచి ఉంచి, తొమ్మిది అవుతుండగా చకచకా దించారు, మళ్ళీ ఎక్కించారు. ఫ్రీక్వెన్సీ 49.70 దాకా దిగి, 50.26 దాకా పోయి, సర్దుకుంది. అంకె తప్పింది గానీ ఏర్పాటు తప్పలేదు.

సిరొంచ_పోరడు:
ఆ దినం మేం దీపాలు వెట్టినం, మా ఊర్లె అప్పటికే కరెంటు లేదు. మా వాటా మేం ముందుగాల్నే ఇచ్చేసినం 😄

కొరాపుట్_కుర్రాడు:
అందరికీ థాంక్స్. సెమినార్ టాపిక్ దొరికింది, ఓడ కథ తీసుకుంటాను మేడమ్. చివరగా ఒకటి. పీఎంయూ అని ఒక పరికరం చూపించారు, నెత్తిన చిన్న యాంటెన్నా ఉంది. స్కాడా ఉండగా అదెందుకు?

కోడ్_కన్నా:
స్కాడా కొన్ని సెకన్లకోసారి చూస్తుంది. పీఎంయూ సెకనుకి 25 సార్లు, అదీ వోల్టేజీ ఎంత అనే కాదు, దాని కోణం ఎంత అని కూడా. జయపురం కోణానికీ విశాఖ కోణానికీ తేడా తెలిస్తే మధ్యనున్న తీగల మీద ఎంత బరువు పడుతోందో నేరుగా తెలుస్తుంది. రెండు కోణాలు పోల్చాలంటే రెండు చోట్లా గడియారం ఒకటే కావాలి, మైక్రోసెకన్ల తేడాతో. ఆ యాంటెన్నా జీపీఎస్‌ది, టైము కోసం.

2003 అమెరికా కేసులో విచారణ చేసినవాళ్ళకి మొదటి తలనొప్పి అదే. వేల రికార్డులు వచ్చాయి, గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు. ఏది ముందు పడింది, ఏది తరవాత పడింది అన్నది వరస పెట్టడానికే బోలెడు కాలం పట్టింది.

కొరాపుట్_కుర్రాడు:
మరి జీపీఎస్ సిగ్నల్ పోతే?

కోడ్_కన్నా:
లోపల మంచి క్రిస్టల్ ఉంటుంది, కాసేపు అదే నెట్టుకొస్తుంది. ఈలోగా పంపే ప్రతి కొలతతోనూ ‘నా టైము జీపీఎస్‌తో కలవడం లేదు’ అని ఒక బిట్ వెళ్తుంది. అవతలి సాఫ్ట్‌వేర్ ఆ బిట్ చూసి ఆ కోణాన్ని లెక్కలోంచి పక్కన పెట్టాలి. పెట్టేలా రాశారా లేదా అన్నది, ఈసారి సబ్‌స్టేషన్‌కి వెళ్ళినప్పుడు బస్సు ఎక్కేలోపు అడుగు.